రోడ్డు బాగుచేసే చేతులకు కార్డు ఏది?

గుంత పూడ్చడమంటే నాలుగు తట్టల కంకర పోసి తారు చల్లడమే అనుకుంటాం. అలా చేసింది మరుసటి వానకే లేచిపోతుంది. అంచులు నిలువుగా కోయాలి. నీరు, దుమ్ము తీయాలి. తారు పూత వేసి, దాదాపు 150 డిగ్రీల వేడి మీదున్న మిశ్రమాన్ని చల్లారకముందే పరిచి రోలర్‌తో అణచాలి. ఇది నేర్చుకుంటేనే వచ్చే పని. చేసేవారిని మాత్రం 'కూలీ' అని తేల్చేస్తాం.

ఈ పనితో తెలుగువారి బంధం పాతది. ముంబైలో కామాటిపురకు ఆ పేరు తెలుగు నేల నుంచి వెళ్లిన కామాటి కూలీల వల్లే వచ్చింది. పాలమూరు కూలీలు ఎన్నో రాష్ట్రాల రోడ్లకు చెమటోడ్చారు. మన సంఘాల్లోనూ ఆ కుటుంబాలున్నాయి.

ఉపవాస కూటాల్లో యెషయా 58వ అధ్యాయం చదువుతాం. 12వ వచనంలో దారులను బాగుచేసేవారి ప్రస్తావన మనకిష్టం. కానీ 3వ వచనంలో దేవుడు తప్పుపట్టింది, ఉపవాసముంటూనే పనివారిని పీడించేవారిని. ఈ రెండూ కలిపి చదవాలి.

1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం రోడ్ల మరమ్మతును, నిర్వహణను కూడా నిర్మాణ పనిగానే లెక్కించింది. 18 నుంచి 60 ఏళ్ల లోపువారు, గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు ఈ పని చేసివుంటే, సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ హక్కును ఉంచింది. బోర్డు సొమ్ము నిర్మాణ వ్యయం మీద వసూలయ్యే సెస్సు. అది ఎవరి దానమూ కాదు.

మరి కార్డు ఎందుకు లేదు? ఫారం కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో ఉంటుంది. మేస్త్రీ వెంట వచ్చిన అన్నకు తెలుగే వచ్చు. ఇక్కడే పుట్టి చదువుకున్న మన యవ్వనస్థులకు ఆ లిపి వచ్చు. ఆరాధన అయ్యాక ఒక బల్ల వేసి, గంటసేపు కూర్చుని ఫారాలు నింపండి. పని చేసినట్టు సంతకం పెట్టడానికి కాంట్రాక్టర్ తిప్పుకుంటుంటే, ఆ అన్నను ఒంటరిగా పంపకండి. సంఘ పెద్దలూ కాపరులూ వెంట వెళ్లాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ రంగాన్ని చిన్నచూపు చూడకండి. అమ్మానాన్నలు తట్ట మోశారని మీరూ అక్కడే ఆగనక్కర్లేదు. రోలర్, పేవర్ నడపడం నేర్చుకోవచ్చు. సివిల్ డిప్లొమా చేసి కొలతలు, నాణ్యత పరీక్షలు చూసే ఉద్యోగాలకు వెళ్లవచ్చు. ఆ మెట్టు ఎక్కినవారు కింద పనిచేసేవారికి బూట్లు, చేతి తొడుగులు, సరైన కూలి అందేలా చూడాలి. లేకపోతే మనవాడే మరో మేస్త్రీ అవుతాడు, అంతే.