సభ్యత్వమనగా రసీదు మాత్రమే కాదు

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము, రెండు ప్రపంచ సంగ్రామములకును తన బిడ్డలను పంపి, 'మిలిటరీ మాధవరము'గా ప్రసిద్ధి గాంచినది. అట్టి గ్రామములు గల మన నేలపై, మాజీ సైనికులకును వారి వితంతువులకును బాసటగా నిలువవలసిన సంఘములు సభ్యులు చాలక కృశించినచో, అది మనకు శోభస్కరము కాదు.

1949 నుండి ప్రతి సంవత్సరమును డిసెంబరు 7వ తేదీన సాయుధ దళముల పతాక దినమును జరుపుకొనుచున్నాము. ఆనాడు చిన్న జెండాను చొక్కాకు తగిలించుకొని, డబ్బాలో నాణెము వేసి, మరునాడు మరచుట మనకు పరిపాటి. దానము ఒక దినముతో తీరును. సభ్యత్వము ఏడాది పొడుగునను బాధ్యతను గుర్తుచేయును.

కావున సభ్యులను చేర్పించు కార్యమును సంతలో బల్ల వేసి, మైకులో పిలుపునిచ్చుటతో ముగింపరాదు. కార్యకర్తలు గడపగడపకును పోయి, కాగితములలో పేరు తప్పుపడి కుటుంబ పింఛనుకై తిరుగుచున్న వితంతువెవరో, 2003లో ఆరంభమైన మాజీ సైనికుల ఆరోగ్య పథకపు కార్డు లేని వృద్ధుడెవరో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు త్రోవ తెలియని వారెవరో విచారించి, ముందు వారి పని చేసిపెట్టి, పిదప చందా పుస్తకము తెరువవలెను. రుసుము స్వల్పముగ నుండవలెను. జమాఖర్చులు రచ్చబండ కడ అందరును వినునట్లు చదువవలెను. సైనిక కుటుంబములకు చెందని రైతును, ఉపాధ్యాయుని, వర్తకుని సైతము చేర్చుకొనవలెను. సైనికుడు కాచునది తన ఇంటిని మాత్రమే కాదు గదా!

ప్రభుత్వముండగా సంఘమేల యని కొందరందురు. ప్రభుత్వము పథకమునీయగలదు గాని, దరఖాస్తు వ్రాసిపెట్టు పొరుగువానిని ఈయజాలదు.