ఖులా అడిగిన కూతురు

గత నెలలో ఒకనాడు అస్ర్ నమాజు తరువాత ఒక పెద్దమనిషి మా వద్దకు వచ్చారు. భర్త కొట్టే దెబ్బలకు తాళలేక ఆయన కుమార్తె రెండేళ్లుగా పుట్టింటనే ఉన్నది. ఇప్పుడు ఖులా కోరుతున్నది. “మా ఇంటి ఆడపిల్లలెవరూ ఇంతవరకు ఆ మాట ఎత్తలేదు హజ్రత్! మీరే నచ్చజెప్పి అత్తవారింటికి పంపాలి” అన్నారాయన. ఆమెకు నచ్చజెప్పడానికి ముందు ఆయనకే ఒక సంఘటన వినిపించవలసి వచ్చింది.

1999 ఏప్రిల్ 6న లాహోర్‌లో న్యాయవాది హినా జీలానీ కార్యాలయంలో సామియా సర్వర్ అనే యువతి హత్యకు గురైంది. ఆమెది పెషావర్. ఇద్దరు పిల్లల తల్లి. హింసించే భర్తను విడిచి 1995లో పుట్టింటికి చేరింది. తండ్రి పేరుగల వ్యాపారి, తల్లి వైద్యురాలు. వారు కూతురికి ఇంట చోటిచ్చారు గాని విడాకులకు మాత్రం సమ్మతించలేదు. పరువు పోతుందన్నారు. చివరకు ఆమె లాహోర్ వెళ్లి శరణాలయంలో తలదాచుకున్నది. కూతురిని చూడాలంటూ తల్లి వచ్చింది. వెంట ఒక మగమనిషి ఉన్నాడు. అతని ఆసరా లేనిదే నడవలేనన్నది. అతడే తుపాకీ తీసి కాల్చాడు.

కాల్చినవాడు అక్కడే పోలీసు చేతిలో మరణించాడు. మిగిలినవారిలో ఎవరికీ శిక్ష పడలేదు. హతుని వారసులకు క్షమించే హక్కును షరీఅత్ ఇచ్చిన మాట నిజమే. కాని చంపించినవారూ క్షమించేవారూ ఒకే ఇంటివారైతే అది క్షమాపణ ఎలా అవుతుంది? పరువు హత్యలలో వారసులు క్షమించినా యావజ్జీవ శిక్ష తప్పదని ఆ దేశం 2016లో చట్టం చేసుకున్నది.

సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, భర్త గుణంలోగాని ధార్మికతలోగాని లోపం లేదని తానే ఒప్పుకుంటూ, అయినా అతనితో ఉండలేనన్నది. ఆయన (స) అడిగినదల్లా మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇవ్వగలవా అని. ఇస్తానన్నది, వివాహం ముగిసింది. బరీరా (రజి) విషయం ఇంకా ఆశ్చర్యకరం. ఆమెను వదులుకోలేక ముగీస్ (రజి) గడ్డం తడిసేలా ఏడుస్తూ మదీనా వీధులలో ఆమె వెనుకే తిరిగేవారు. స్వయంగా దైవప్రవక్త (స) సిఫారసు చేశారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే నాకు అవసరం లేదన్నది. ఆమెపై ఎవరూ చేయి ఎత్తలేదు. ఈ రెండు హదీసులూ సహీహ్ బుఖారీలోనే ఉన్నాయి. తలాఖ్ అధ్యాయాన్ని వారాల తరబడి బోధించే మేము ఖులాను ఒక్క పూటలో ముగించి వేస్తాము. ఆ తప్పు మాది కూడా.

“అల్లుడు ఒప్పుకోకపోతే?” అని అడిగారాయన. అటువంటి స్త్రీల కోసమే మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి హనఫీ పండితులు మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించారనీ, మన దేశంలో 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం భర్త క్రూరత్వాన్ని ఒక కారణంగా అంగీకరిస్తుందనీ చెప్పాము. మహర్ తిరిగి ఇవ్వాలేమోనన్నారు. తప్పు భర్తదైనప్పుడు ఖులాకు ప్రతిఫలం పుచ్చుకోవడం అతనికి మక్రూహ్ అన్నాము.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మగ్‌రిబ్ అజాన్ వినిపించాక లేస్తూ, “అమ్మాయి మాట మేమే ఇంతవరకు పూర్తిగా వినలేదు. రేపు దానినీ, దాని తల్లినీ తీసుకొస్తాను” అన్నారు.