తెలిసినవారైనా అనుమతి తప్పదు



స్కూల్ మ్యాగజైన్ కోసం ఎవరినైనా ఇంటర్వ్యూ చేయమంటే పిల్లలు ముందుగా తాతయ్య దగ్గరికో, పక్కింటి ఆంటీ దగ్గరికో, వ్యాన్ డ్రైవర్ అంకుల్ దగ్గరికో వెళతారు. బెరుకు పోవడానికి అది మంచిదే. కానీ చనువు కొద్దీ చెప్పిన మాట అచ్చులోకి వస్తే నలుగురి నోళ్లలో పడుతుంది. ఆ సంగతి పిల్లలకు మనమే చెప్పాలి.

1983లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక హైస్కూల్ పత్రిక కోసం విద్యార్థులు తోటివారి గర్భధారణ గురించి, తల్లిదండ్రుల విడాకుల గురించి రాశారు. పేర్లు మార్చినా అమ్మాయిలను గుర్తుపడతారని, ఒక విద్యార్థిని తప్పుపట్టిన తండ్రిని వివరణ అడగలేదని ప్రిన్సిపాల్ ఆ పేజీలు తీయించారు. 1988లో అక్కడి సుప్రీంకోర్టు పాఠశాలను సమర్థించింది. తీయించడం సబబేనా అన్న వాదన ఇప్పటికీ ఉంది. ఆ రెండు జాగ్రత్తలు మాత్రం రాసేవారే ముందుగా తీసుకోవలసినవి.

మన ఇళ్లలో మరొకటి కూడా ఉంది. మీ ఇంట్లో పనిచేసే ఆమె మీ అబ్బాయికి ‘వద్దు బాబూ’ అని చెప్పగలరా? కాదనలేని చోట ‘సరే’ అన్నా అది అనుమతి అనిపించుకోదు. అలాంటప్పుడు ఇంకొకరిని ఎంచుకోమనండి. ఎవరితో మాట్లాడినా, రాసింది వారికి చదివి వినిపించాలి. వద్దన్న మాట తీసేయాలి. బంధుత్వం ఉంటే వ్యాసంలోనే చెప్పాలి.

ప్రశ్నలు మీరు రాసివ్వకండి. ఎవరిని అడుగుతున్నారో, వారికి ఏమని చెప్పారో మాత్రం తప్పక కనుక్కోండి.