దెబ్బకు దయ్యం వదలదు

దెబ్బకు దయ్యమైనా వదులుతుందని మనలో ఒక సామెత ఉంది. మందూ వైద్యమూ అందుబాటులో లేని రోజుల మాట అది. కానీ ఆ సామెతను నమ్మేవాళ్ళు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలోనూ, కొన్ని పోలీసు స్టేషన్లలోనూ ఉన్నారు. మతిస్థిమితం తప్పిన మనిషి నడివీధిలో కేకలు వేస్తున్నా, ఇంట్లో సామాను విసిరికొడుతున్నా ఇరుగుపొరుగు ముందు పిలిచేది డాక్టరును కాదు, పోలీసులను. పిలిస్తే వచ్చేది వాళ్ళే కదా! అయితే వచ్చినవాళ్ళు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, చెయ్యకూడనిది చేస్తే ఎక్కడ అడగాలి అన్నది మనలో చాలామందికి తెలియదు. ఈసారి ఆ సంగతి చెప్పుకుందాం. "మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరండీ" అని పేజీ తిప్పెయ్యకండి. ఏ జబ్బూ చెప్పి రాదు.

ముందు కాస్త పాత కథ. 1912లో బ్రిటిషువారు చేసిన చట్టం పేరే లూనసీ యాక్టు. దాని నీడ చాలాకాలం మనల్ని వదల్లేదు. ఏ నేరమూ చెయ్యకపోయినా, మానసిక రోగులన్న కారణానికే ఎందరినో జైళ్ళలో ఉంచేవారు. పశ్చిమ బెంగాల్ జైళ్ళలోని అలాంటివారి గురించి నడిచిన షీలా బార్సే కేసులో 1993లో సుప్రీంకోర్టు అది చట్టానికీ, రాజ్యాంగానికీ కూడా విరుద్ధమని తేల్చి చెప్పింది.

ఇప్పుడున్నది 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమలులో ఉంది. కేంద్ర చట్టం కనుక హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా ఒకటే న్యాయం. అందులో 100వ సెక్షనును గుర్తుపెట్టుకోండి.

జబ్బు వల్ల తన బాగోగులు తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషినిగానీ, తనకో ఇతరులకో హాని చేసే ప్రమాదమున్న మనిషినిగానీ స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకోవాలని ఆ సెక్షను చెబుతుంది. మాట గమనించండి. అరెస్టు కాదు, రక్షణ. ఎందుకు తీసుకువెళుతున్నారో ఆ మనిషికి చెప్పాలి. అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటే అతని తరఫు ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులోగానీ జైలులోగానీ ఎట్టి పరిస్థితిలోనూ ఉంచకూడదు. ఆసుపత్రిలో చేర్చుకోవలసినంత జబ్బు లేదని డాక్టరు అంటే, మళ్ళీ ఇంటికి దిగబెట్టవలసింది కూడా పోలీసులే. దిక్కూమొక్కూ లేక తిరుగుతున్నవారైతే, తప్పిపోయిన మనిషిగా ఎఫ్.ఐ.ఆర్. రాసి వాళ్ళ కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ అధికారిది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా జరిగేది వేరుగా ఉంటుందని 2020లో విశాఖపట్నంలో అందరం చూశాం. మే 16న ఒక ప్రభుత్వ మత్తు డాక్టరును నడిరోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాళ్ళతో కట్టి తీసుకువెళ్ళారు. తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. తరువాత ఆయనను మానసిక వైద్యశాలలో చేర్పించారు. ఒక కానిస్టేబులును సస్పెండు చేశారు. ఆ దృశ్యాలు హైకోర్టు దాకా వెళ్ళాయి. దర్యాప్తు సి.బి.ఐ. చెయ్యాలని మే 22న కోర్టు ఆదేశించింది. తాగాడా, జబ్బు పడ్డాడా, కడుపు మండి అరిచాడా అన్నది పక్కన పెట్టండి. ఈ మూడింటిలో ఏదైనా సరే, మనిషిని కట్టి పడెయ్యమని ఏ చట్టమూ చెప్పలేదు. ఎవరో వీడియో తీశారు కనుక అక్కడ ప్రశ్న పుట్టింది. వీడియో లేని చోట ప్రశ్న అడగవలసింది ఇంటివాళ్ళే.

పోలీసుల వైపు కూడా ఒక మాట చెప్పాలి. మీదికి వచ్చే మనిషిని నెమ్మదిగా పట్టుకోవడం తేలిక కాదు. అది నేర్చుకుంటే తప్ప రాదు. అందుకే ఈ విషయాల్లో పోలీసులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వాలదని ఇదే చట్టంలోని 30వ సెక్షను అంటోంది. శిక్షణ ఇవ్వని ప్రభుత్వానికీ తప్పులో వాటా ఉంది.

ఇక పరాయి రాష్ట్రాల్లో ఉన్న మనకు ఇంకొక చిక్కు ఉంది. మతి చలించిన మనిషి నేర్చుకున్న భాషను మరిచి అమ్మ భాషలోకి వెళ్ళిపోవచ్చు. కటక్‌లో కానిస్టేబులు ఒడియాలో అడుగుతాడు. మనవాడు తెలుగులో ఏదో చెబుతాడు. జవాబు చెప్పడం లేదని ఒకరికి కోపం, ఎవరికీ అర్థం కావడం లేదని ఒకరికి భయం. దెబ్బ పడేది అక్కడే. తెలుగునాడు నుంచి ఏ రైలో ఎక్కి వచ్చి దారి తప్పినవాళ్ళ గతి ఇంకా కష్టం. ఊరి పేరు అర్థమయ్యేవాళ్ళు లేకపోతే వాళ్ళ ఇల్లు ఎలా దొరుకుతుంది? మహారాష్ట్రలోని కర్జత్‌లో డాక్టర్ భరత్ వట్వానీ గారి శ్రద్ధా సంస్థ ఇలా వీధిన పడ్డవారికి వైద్యం చేసి వేలమందిని సొంతవాళ్ళ దగ్గరకు చేర్చింది. ఆ సేవకే ఆయనకు 2018లో మెగసెసే బహుమతి వచ్చింది. కనుక ఇది కాని పని కాదు.

మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో చికిత్స తీసుకుంటున్నవారు ఉంటే డాక్టరు చీటీల నకలు ఒకటి చేతికందేలా ఉంచండి. పరువు పోతుందని దాచకండి. 112కు ఫోను చెయ్యవలసి వస్తే "దొంగ కాదు, జబ్బు మనిషి, తెలుగు మాట్లాడతాడు, చేతిలో ఆయుధం లేదు" అని మొదటి మాటగా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అంతదాకా రాకముందే 14416కు చేస్తే టెలి మానస్ వాళ్ళు ఉచితంగా, తెలుగులోనే సలహా ఇస్తారు.

మనిషిని స్టేషన్‌కు తీసుకువెళితే వెంట వెళ్ళండి. ఎన్ని గంటలకు రక్షణలోకి తీసుకున్నారో డైరీలో రాయమని మర్యాదగా అడగండి. ఏ ఆసుపత్రికి పంపుతున్నారో అడగండి. అధికారి పేరు, హోదా రాసుకోండి. ఒంటి మీద దెబ్బలుంటే డాక్టరుతో కాగితం మీద రాయించండి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలనీ, ఆ రికార్డులను 18 నెలలు, వీలుకాని చోట కనీసం ఏడాది అయినా భద్రపరచాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక రికార్డును భద్రపరచమని వెంటనే లిఖితపూర్వకంగా కోరండి. పై అధికారికీ, మానవ హక్కుల కమిషన్‌కూ ఫిర్యాదు చెయ్యవచ్చు. కమిషన్‌కు రాసేదైతే సంఘటన జరిగిన ఏడాదిలోగా రాయాలి. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారికే ఆరు నెలల జైలు, లేదా పదివేల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మానసిక రోగికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందని చెప్పవలసిన బాధ్యత కూడా పోలీసులదే.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక మనవి. ప్రతి శాఖ నుంచీ తెలుగూ స్థానిక భాషా రెండూ బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోను నెంబర్లు దగ్గరి పోలీసు స్టేషన్‌లోనూ, ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఇచ్చి ఉంచండి. తెలుగు మనిషి ఎవరైనా ఆ స్థితిలో దొరికితే అర్ధరాత్రి అయినా పిలవమని చెప్పండి. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ మాట ఎత్తుతారని ఆశ. పేర్లు ఇవ్వదలచినవారు అప్పటిదాకా ఆగకుండా తమ శాఖ కార్యదర్శికి ఇప్పుడే తెలియజేయండి.