అమ్మ వాటా

ఈ మధ్య ఒక సభకు వెళ్ళాను. అంశం 'వృద్ధాప్యంలో ఆనందం'. వక్తలంతా యోగా చెయ్యమన్నారు, ధ్యానం చెయ్యమన్నారు, మనవలతో ఆడుకోమన్నారు, కోడళ్ళతో సర్దుకుపొమ్మన్నారు. ఆ ముసలామె ఉంటున్న ఇల్లు ఎవరి పేరున ఉందని గానీ, ఆమె చేతిలో డబ్బులున్నాయా అని గానీ ఒక్కరూ అడగలేదు.

నేను అడుగుతాను. ఎందుకంటే ఈ నేరంలో నాకూ భాగముంది.

2011లో నాన్న పోయారు. దినాలు కాగానే అన్నయ్యలు కాగితాలు తెచ్చారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన నాన్న స్వార్జితంలో అమ్మకూ, అన్నయ్యలకూ, నాకూ సమాన వాటాలున్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. స్త్రీల ఆస్తిహక్కు గురించి క్లాసులో పాఠం చెప్పేదాన్ని మరి! "నాకెందుకే ఆస్తి, కొడుకులున్నారుగా" అంటూ అమ్మ హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టింది. ఆశపోతుననుకుంటారేమోనని నేనూ పెట్టాను. పైగా నా త్యాగానికి నేనే మురిసిపోయాను.

ఏడాది తిరక్కుండా ఊళ్ళో ఇల్లు అమ్మేశారు. అప్పట్నుంచి అమ్మకు వంతులు. ఆర్నెల్లు పెద్దన్నయ్య దగ్గర, ఆర్నెల్లు చిన్నన్నయ్య దగ్గర. వాళ్ళు దుర్మార్గులేం కాదు. వేళకు అన్నం పెడతారు, బీపీ మాత్రలు కొంటారు. కానీ కళ్ళజోడు విరిగితే ఆ మాట చెప్పడానికి అమ్మ నాలుగు రోజులు అదను చూసుకుంటుంది. స్నేహితురాలిని ఇంటికి పిలవాలంటే కోడలి మొహం చూస్తుంది. దీన్ని మనం 'కొడుకుల దగ్గర హాయిగా ఉంది' అంటున్నాం.

మా పొలంలో నాట్లేసిన ఒకావిడ ఊళ్ళోనే ఉంది. తన పేరున వచ్చిన పట్టా స్థలంలో రెండు గదుల ఇల్లు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులైలో 4,000 రూపాయలయింది. అదే ఆమె ఆదాయం. మోకాళ్ళు అరిగిపోయాయి, సుఖంగా ఉందని అనను. కానీ సాయంత్రమైతే ఆమె అరుగు మీద నలుగురాడవాళ్ళు చేరతారు. మొన్న వెళ్తే, "మీ అమ్మను తీసుకురామ్మా, మా ఇంట్లో నాలుగు రోజులుండి పోతుంది" అంది. ఒకప్పుడు మేం పెరటి గుమ్మం దాకానే రానిచ్చిన మనిషి! 'మా ఇల్లు' అనే మాట అమ్మ నోట విని ఎన్నేళ్ళయిందో.

ప్రేమ అక్కర్లేదని కాదు. కాళ్ళకింద నేల లేని మనిషికి ప్రేమ కూడా దయగానే అందుతుంది. పోషించాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పోషించకపోతే, ఆ బదిలీని రద్దు చెయ్యమని అడిగే వీలును 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్‌లో కల్పించింది. మా కాగితంలో ఆ షరతు రాయించాలని కూడా నాకు తోచలేదు.

అందుకే చెబుతున్నాను. మీ అమ్మ సంతకం పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. మీ వాటా మీరు వదులుకుంటే అమ్మ పేరున వదలండి, అన్నదమ్ముల పేరున కాదు. ఆ తర్వాత నేర్పుదాం యోగా.