గేబ్రియల్ ఆల్బంల తగవు: ఒక పూర్వపక్ష ఖండన



మొన్న సంక్రాంతికి మా అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు అతని ఇంజినీరింగు కాలపు మిత్రులిద్దరు కూడా వచ్చారు. భోజనాలైన తరువాత వసారాలో మొదలైన వాదం రాత్రి పదకొండు దాటినా తెగలేదు. వాదవిషయం రాజకీయమూ కాదు, సినిమా కూడా కాదు. ఆంగ్ల గాయకుడు పీటర్ గేబ్రియల్ జెనిసిస్ బృందాన్ని విడిచిపెట్టిన తరువాత ఒంటరిగా వెలువరించిన ఆల్బంలలో ఉత్తమోత్తమమైనది ఏది అన్నదే ఆ తగవు. ఒకతను 1980 నాటి మూడవ ఆల్బం అన్నాడు. రెండవ అతను 1986 నాటి 'సో' అన్నాడు. మావాడు మొదటి నాలుగింటినీ ఒకే గాటన కట్టి, ఆపైన వచ్చినదంతా పతనమేనని తీర్పు చెప్పేశాడు. మూలన పడకకుర్చీలో ఉన్న నన్ను ఎవరూ అడగలేదు. తెలుగు పండితుడికి రాక్ సంగీతంతో పనేమిటని అనుకుని ఉంటారు. మావాడు ఉద్యోగానికి వెళ్తూ వదిలిపెట్టిన ఆ సీడీలన్నీ ఇన్నేళ్ళూ మా బీరువాలోనే ఉన్నాయన్న సంగతి గాని, ఇంట్లో వాటిని వినగల చెవులు రెండున్నాయన్న సంగతి గాని వారికి స్ఫురించలేదు. ఆ రాత్రి నోరు మెదపలేదు గనుక ఈ టపా వ్రాస్తున్నాను.

ముందుగా ఒక విశేషణం మీద నా అభ్యంతరం. ముగ్గురూ ఆయనను 'జెనిసిస్ మాజీ గాయకుడు' అంటూనే వాదించారు. చార్టర్‌హౌస్ అనే పాఠశాలలో చదువుకునే కుర్రవాళ్ళు 1967లో కట్టుకున్న బృందం అది. 1975లో, ఇరవై అయిదేళ్ళ వయసులో, గేబ్రియల్ దానినుండి బయటికి వచ్చాడు. బృందంలో గడిపినది ఎనిమిదేళ్ళు. బయట గడిపినది దాదాపు ఏభై ఏళ్ళు. 'మాజీ' అన్నది మంత్రులకూ సర్పంచులకూ తగిన మాట. పదవి పోయినవాడు మాజీ అవుతాడు గాని, పాట పోనివాడు మాజీ ఎట్లా అవుతాడు? ఈ మాట వల్ల కలిగే అనర్థం చిన్నది కాదు. దీనివల్లనే ప్రతి ఆల్బంలోనూ జెనిసిస్ వాసన ఎంత మిగిలిందో చూసి దాని యోగ్యతను నిర్ణయించే అలవాటు పుట్టింది. మావాడి తీర్పుకు మూలం ఇదే.

తెలియని చదువరులకోసం రెండు ముక్కలు. ప్రోగ్రెసివ్ రాక్ అన్నది 1970 ప్రాంతపు ఇంగ్లండులో వికసించిన శాఖ. పాట మూడు నిమిషాలలో ముగియాలన్న కట్టుబాటును కాదని, తాళాలు మార్చుకుంటూ, పురాణగాథలను కలుపుకుంటూ సాగేది. జెనిసిస్ వారి 'సప్పర్స్ రెడీ' ఇరవై నిమిషాలు దాటుతుంది. ఆ రోజులలో గేబ్రియల్ వేదికమీద వేషాలు కట్టేవాడు. ఒకనాడు ఎర్రగౌను మీద నక్కతల. ఒకనాడు ముడతలు పడ్డ ముసలివాని ముఖపు తొడుగు. మన అలంకారికులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించారు గదా, అందులో ఇది శుద్ధ ఆహార్యం. నా సిద్ధాంతమంతా ఈ నాలుగు మాటలలోనే ఉన్నది గనుక వీటిని మనసులో ఉంచుకోవలసిందిగా మనవి.

ఇక మొదటి నాలుగు ఆల్బంల పక్షం. 1977, 1978, 1980, 1982 సంవత్సరాలలో వచ్చిన ఈ నాలుగింటికీ ఆయన పెట్టిన పేరు ఒక్కటే: 'పీటర్ గేబ్రియల్'. పత్రిక సంచికలు నెలనెలా ఒకే పేరుతో వచ్చినట్లు రావాలని ఆయన కోరిక. అభిమానులు ఊరుకుంటారా? అట్టమీది బొమ్మలను బట్టి మొదటిదానిని కారు అనీ, రెండవదానిని గీకుడు అనీ, మూడవదానిని కరుగుడు అనీ అర్థం వచ్చేట్లు ఆంగ్లంలో ముద్దుపేర్లు పెట్టుకున్నారు. కర్త వద్దన్న నామకరణం చేసినవారే కర్త దారి తప్పాడని అనడం నాకు విడ్డూరంగా తోస్తుంది. మొదటి ఆల్బంలోని 'సాల్స్‌బరీ హిల్' బృందాన్ని విడిచి రావడాన్ని గురించిన పాట. ఏడు మాత్రల నడక. మిశ్రచాపుకు అలవాటు పడిన చెవికి అది ఎంతమాత్రం విచిత్రం కాదు, ఎంతో హాయి. కాని ఆ ఒక్క పాట, 'హియర్ కమ్స్ ది ఫ్లడ్' తప్పించి ఆ ఆల్బం కలగూరగంప. రెండవది పొడిపొడిగా ఉంటుంది. దానిని గురించి అంతకుమించి చెప్పను.

మూడవ ఆల్బం వాదానికి బలమున్నది. ఆ పక్షపు మిత్రుడు చెప్పిన యుక్తులు ఇవి. ఆ ఆల్బంలో సింబల్స్ వాడకూడదని గేబ్రియల్ నియమం పెట్టాడు. 'ఇన్‌ట్రూడర్' పాటలో ఫిల్ కాలిన్స్ వాయించిన డ్రమ్స్ మోత పూర్తిగా మ్రోగి, అంతలోనే గొంతు నులిమినట్లు తెగిపోతుంది. 1980 దశకమంతటా ఆ మోతను లోకం అనుకరించింది. అమెరికాలో అట్లాంటిక్ సంస్థ ఈ ఆల్బంను విడుదల చేయ నిరాకరించగా మెర్క్యురీ సంస్థ వెలువరించింది. ఇవన్నీ నిజాలే. కాని మొదటగా చేయడం వేరు, ఉత్తమంగా చేయడం వేరు. అందరూ అనుకరించిన తరువాత ఆ డ్రమ్స్ మోత ఈనాటి శ్రోతకు పాత సినిమా రీరికార్డింగులా వినబడితే ఆ యుక్తికి మిగిలేది చారిత్రక గౌరవం మాత్రమే.

అంతకంటె ముఖ్యమైన అభ్యంతరం మరొకటి. ఆ ఆల్బంలో గాయకుడు ఎక్కడున్నాడు? ఒక పాటలో ఇళ్ళలో దూరే దొంగ. ఒక పాటలో జ్ఞాపకశక్తి కోల్పోయినవాడు. 'ఫ్యామిలీ స్నాప్‌షాట్'లో హంతకుడు. 1972లో అమెరికాలో జార్జ్ వాలెస్ మీద కాల్పులు జరిపినవాని దినచర్యను ఆధారం చేసుకున్న పాట అది. పరకాయప్రవేశం అద్భుతంగా ఉన్నది, కాదనను. అయితే నక్కతల తీసివేశాడన్న మాటే గాని, వేషం పోలేదు. గుడ్డతో కుట్టిన వేషం గొంతుతో కట్టిన వేషమైంది. ఆహార్యం వాచికంలోకి మారిందంతే. 1982 నాటి నాలుగవ ఆల్బంలోనూ అదే వరుస. ఆఫ్రికాలో డప్పుల హోరుకు భయపడిన మనస్తత్త్వవేత్త యూంగ్ ఒక పాటలో, అపాచీ బాలుడు ఒక పాటలో.

మినహాయింపు ఒక్కటున్నది, 'బీకో'. దక్షిణాఫ్రికాలో స్టీవ్ బీకో పోలీసు నిర్బంధంలో 1977 సెప్టెంబరు 12న మరణించాడు. ఆ మరణాన్ని గానం చేసేటప్పుడు గేబ్రియల్ ఎవరి వేషమూ కట్టలేదు. దూరాన ఉండి విన్నవాడుగా, విని ఊరుకోలేనివాడుగా పాడాడు. మూడవ ఆల్బం పక్షంవారు డ్రమ్స్ సంగతి వదిలి ఈ పాట ఒక్కదానినే ముందు పెట్టి ఉంటే నా పని కష్టమయ్యేది.

'సో' పక్షం మీద పడేవారు సాధారణంగా అది జనరంజకం గనుక నీచమంటారు. ఈ వాదం మన సాహిత్యంలోనూ పాతదే. ద్రాక్షాపాకమంటే చులకన, నారికేళపాకమంటే గొప్ప అనుకునే పండితమ్మన్యులు మనకు మాత్రం తక్కువా? నేనే వారిలో ఒకడినై కొన్నాళ్ళు తరగతి గదిలో పిల్లలను హింసించాను. 'సో'లోని 'స్లెడ్జ్‌హామర్' 1986 జూలైలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కినప్పుడు, అక్కడినుండి దింపినది ఎవరి పాటను? తన పాత బృందం జెనిసిస్ వారి 'ఇన్‌విజిబుల్ టచ్'ను. ఇది చెప్పినప్పుడు మావాడి మిత్రులు చప్పట్లు కొట్టారు. కాని ఆ ఆల్బం అంతా చక్కెరపాకం కాదు. ఉద్యోగం పోయినవాని దైన్యం 'డోంట్ గివ్ అప్'లో ఉన్నది. ఆత్మహత్య చేసుకున్న కవయిత్రి ఆన్ సెక్స్టన్ నీడ 'మెర్సీ స్ట్రీట్'లో ఉన్నది. విధేయతను పరీక్షించిన మిల్‌గ్రామ్ ప్రయోగం మీద కూడా ఒక పాట ఉన్నది. అమ్ముడుపోయాడన్నవారు ఈ మూడూ విన్నారా అని సందేహం. అయినా నేను దానికి పట్టం కట్టను. అందులో ప్రతి పాటా నునుపుగా చెక్కబడింది, ఆ నునుపు కింద గాయం కనబడదు. (పైగా ఏ 'సో'? ఎల్పీ రికార్డులో 'ఇన్ యువర్ ఐస్' రెండవ వైపున మొదటి పాట. చివరన ఉండాలని కర్త కోరిక. తరువాతి ముద్రణలలో చివరకు చేర్చారు. పాఠాంతరాల తగవు మన కావ్యాలకే పరిమితమనుకునేవాడిని.)

1989 నాటి 'ప్యాషన్' పేరు ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు. స్కోర్సెసీ తీసిన క్రీస్తు చిత్రానికి సమకూర్చిన సంగీతం గనుక దానిని లెక్కలోకి తీసుకోరట! నుస్రత్ ఫతే అలీ ఖాన్ గళం, యూసు ఎన్‌దూర్ గళం, కర్ణాటక వాయులీన సంప్రదాయంనుండి వచ్చిన ఎల్. శంకర్ కమాను అందులో ఉన్నాయి. నా లెక్కలో అది రెండవ స్థానం. మొదటిది కాకపోవడానికి కారణం ఒక్కటే, గాయకుని ఉత్తమ ఆల్బంలో గాయకుడు మాటలతో పాడాలి గదా.

ఇక సిద్ధాంతం. విడాకుల వేదననుండి పుట్టిన 'అస్' 1992లో వచ్చింది. ముఖపు తొడుగు ఊడడం అక్కడ మొదలైంది. పదేళ్ళు గడిచిన తరువాత 2002లో 'అప్' వచ్చింది. ఉత్తమోత్తమం అదే.

దానిమీద మోపే దోషాలు నాకు తెలుసు. పదేళ్ళు వేచి ఉన్నవారికి ఆశాభంగం కలిగింది. పది పాటలకు అరవై ఆరు నిమిషాలకు పైన పట్టింది. ధ్వనులు పొరలు పొరలుగా పేరుకుని ఊపిరాడదు. విషయమంతా చీకటి, మృత్యువు. అట్టమీద సైతం నీటిబిందువుల వెనుక మసకబారిన ముఖం. 'బ్యారీ విలియమ్స్ షో' అనే టీవీ వ్యంగ్యగీతం అక్కడ అతకలేదన్న మాటను మాత్రం నేనూ ఒప్పుకుంటాను, అది లేకుంటే మేలు. మిగిలిన అభ్యంతరాలన్నీ తిప్పి చూస్తే గుణాలే. మృత్యువును గురించి తేలికగా ఊపిరాడేట్లు పాడడం ఎట్లాగో ఆ కుర్రవాళ్ళే చెప్పాలి.

'ఐ గ్రీవ్' అనే పాట ఉన్నది. మొదలు చాలా నెమ్మది, ఇంచుమించు నిశ్చలం. మధ్యలో హఠాత్తుగా లయ లేచి, నడక వచ్చి, ఇంచుమించు ఉల్లాసం అనదగినంత వరకు పోతుంది. మళ్ళీ వెనుకటి నెమ్మదిలోకి జారిపోతుంది. ఆ మధ్యభాగం పాటను చెడగొట్టిందని మావాడు ఆ రాత్రి అన్నాడు. అతని మాట వినగానే నాకు మా అన్నయ్య పోయినప్పటి పన్నెండవ రోజు గుర్తుకు వచ్చింది. పెరట్లో విస్తళ్ళు వేశారు. గారెలు బాగా కుదిరాయని ఎవరో అన్నారు. పిల్లలు నవ్వుతూ స్తంభాలాట ఆడుతున్నారు. నేనూ రెండు గారెలు తిన్నాను, ఎవరో ఏదో అంటే నవ్వాను కూడా. చేతులు కడుక్కుంటూ ఉండగా దండెం మీద ఆయన పైపంచ కనబడింది. అంతే, కాళ్ళలో సత్తువ పోయి నూతి పళ్ళెం మీద కూలబడ్డాను. శోకం ఏకధాటిగా ఉండదు, సంచారిభావాలు దానిమీద వచ్చిపోతుంటాయి అని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని, ఆ రోజుగాని అర్థం కాలేదు. ఆ పాట మధ్యలో లేచేది ఆ గారెల పూట. అది లేకుంటే చివరి జారుడుకు అర్థం లేదు. మావాడికి ఈ సంగతి ఇంకా తెలియనక్కరలేదు, తొందరలేదు.

'సిగ్నల్ టు నాయిస్'లో నుస్రత్ గళం వినబడుతుంది. ఆయన 1997లోనే కన్నుమూశాడు. ఆల్బం వచ్చింది 2002లో. పోయినవాని గొంతుకు బ్రతికినవాడు తన గొంతు కలుపుతుంటే వెనుక వాద్యాలు కెరటాల్లా పైకి లేస్తాయి. చివరి పాట 'ది డ్రాప్'. అన్ని పొరలూ తొలగిపోయి పియానో, గొంతు మాత్రమే మిగులుతాయి. అష్ట సాత్త్వికభావాలలో స్వరభేదం ఒకటి. గద్గదికమని తెలుగులో అంటాం. నటుడు దానిని కష్టపడి తెచ్చుకోవాలి. ఇక్కడ ఆ గొంతు దానంతట అదే కొద్దిగా బొంగురుపోతుంది, ఆయన సవరించుకోలేదు. నక్కతల ఎక్కడ, ఈ పియానో ఎక్కడ! నేను సాత్త్వికం అన్నది దీనిని.

2023 డిసెంబరులో వచ్చిన 'ఐ ఓ'ను తలచుకోకపోతే అన్యాయం. ఆ ఏడాది ప్రతి పున్నమికీ ఒక్కొక్క పాట చొప్పున విడుదల చేసి, చివరకు వెలుగువైపు, చీకటివైపు అని రెండు కూర్పులుగా ఇచ్చాడు. తల్లిని తలచుకున్న 'అండ్ స్టిల్' అందులో మణి. డెబ్బై మూడేళ్ళ వయసులో అంత ప్రశాంతత రావడం అదృష్టం. కాని 'అప్'లో చావు ఎదురుగా నిలబడి ఉంటే, ఇందులో దానితో సంధి కుదిరినట్లుంటుంది. నాకు ఇంకా సంధి కుదరలేదు. ఈ ఒక్క కారణం శాస్త్రీయం కాదని నాకు తెలుసు, ఆక్షేపించదలచినవారు ఇక్కడినుండే మొదలుపెట్టవచ్చు.

మూడవ ఆల్బం పక్షంవారికి, 'సో' పక్షంవారికి వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉన్నది. ఒక్క షరతు. ఖండన వ్రాసేముందు 'అప్'ను మొదటినుండి 'ది డ్రాప్' దాకా, ఆ బ్యారీ విలియమ్స్ గోలను కావలిస్తే దాటవేసి, ఒక్క బిగిని వినాలి. మావాడు వినలేదని నాకు అనుమానం. ఆ సీడీ మీద పొర కాగితం నేనే చించాను.