జీతం ఇద్దాం, జీతగాన్ని పెట్టుకోవద్దు

మా అయ్య దొర దగ్గర జీతం ఉన్నడు. మేము బడిలో పంతులుగా జీతం తీసుకుంటున్నాం. మాట ఒకటే, బతుకులు రెండు. అయ్య జీతమంటే ఏడాదికింత గాసం, అప్పు తీరేదాకా పశువుల కొట్టం, పొద్దూమాపూ లేని చాకిరి. మా జీతమంటే నెలకింత అని కాగితం మీద రాసిన పైసలు, సెలవు, పేరు పక్కన గారు. ఇయ్యాల మనోళ్లు కొందరు సొంతంగా పని పెట్టుకొని, మొట్టమొదటిసారి ఇంకొకరిని పనిలోకి తీసుకుంటున్నరు. వాళ్లు ఇచ్చేది ఈ రెండిట్లో ఏ జీతం? ఇదీ మా ప్రశ్న.

2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో మొదలుపెట్టిన దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలన్నరు. అవి అందినోళ్లు కొందరు, అందక మహిళా సంఘం అప్పు తెచ్చుకున్నోళ్లు కొందరు, మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ట్రాక్టరో, టెంట్‌హౌజో, సెంట్రింగు సామానో కొన్నరు. మంచిదే. కాని సెంట్రింగు సామాను ఒక్కడు మోసేది కాదు. మనిషి కావాలె.

మహబూబాబాద్ దిక్కు ఒక తమ్ముడు తన వాడకట్టు పిల్లగాన్నే పెట్టుకున్నడు. ముందుగాల 20 వేలు ఇచ్చి, అవి తీరేదాకా వేరే పనికి పోవద్దన్నడు. ఒక్కనాడు రాకుంటే రెండు రోజుల కూలి కోసిండు. పేరు పెట్టి పిలువడు, ‘అరేయ్’ అంటడు. హాజరు బుక్కు ఏదని మేము అడిగితే, “మా అయ్యకు ఎవడు రాసిండు సారూ బుక్కు?” అన్నడు.

ఆ మాట మమ్ముల నిద్ర పోనియ్యలేదు. దొరను కాదన్నం గని, దొర లెక్కను మాత్రం దాచుకున్నం.

తమ్మున్ని ఒక్కన్నే తప్పుపట్టం. ఇల్లు కట్టించుకున్న పెద్దమనిషి ఆయన బిల్లు మూడు నెలలు ఆపిండు. “అగ్గువకు చేస్తవనే గదా నిన్ను పిలిచింది” అన్నడు. పనికొచ్చిన మేస్త్రి కులం తెలుసుకొని ఆయన ఇంట్ల చాయ ముట్టలేదు. నిజమే, మన వ్యాపారానికి అడుగడుగున కులం అడ్డం. అయినా పైనోడు ఆపిన పైసలను కిందోని కడుపులోంచి తీసుడు న్యాయం కాదు.

ఈ నేల సంగతి మరవొద్దు. విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యం మీద, వెట్టి మీద జనం లేస్తే, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చిండు. అదే ఏడాది బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తూ కనీస వేతనాల బిల్లు పెట్టిండు. 1948లో అది చట్టమైంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అప్పు కింద మనిషిని కట్టేసుకునుడు నేరమని 1976 చట్టం చెప్పింది. ఆ చట్టం దొరకే కాదు, మనకూ వర్తిస్తది. భూపాలపల్లి బొగ్గుబాయిల కాడ కాంట్రాక్టు కార్మికుల తరఫున సమాన పనికి సమాన వేతనమని నినాదమిస్తం. ఆ నినాదం మన గడప కాడ ఆగిపోవాల్నా?

“చిన్న పని, ఇవన్ని ఎట్ల?” అంటరు. పైసా ఖర్చు లేనివే ముందు చేద్దాం. ఒక నోటుబుక్కు పెట్టాలె: తారీకు, పని, కూలి, ఇద్దరి సంతకాలు. వారం వారం కూలి చేతిలో పెట్టాలె. ముందుగాల ఇచ్చింది చేబదులే, మనిషి కాళ్లకు గొలుసు కాదు. ఇద్దరికీ ఒకే తీరు చాయ గ్లాసు. 18 ఏండ్లు నిండనోన్ని పెట్టుకోవద్దు, వాణ్ని బడికి తోలాలె. భవన నిర్మాణ కార్మికుని లేబర్ కార్డుకు ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపాలె. మన బుక్కు, మన సంతకమే ఆ పిల్లగానికి ఆధారం. ఇక గుత్త మాట్లాడేటప్పుడే సర్కారు చెప్పిన కనీస కూలి తగ్గకుండ లెక్క కట్టి రేటు చెప్పాలె. బిల్లు ఆపినోని ఇంటికి యజమానీ కూలీ కలిసే పోవాలె, వెంట సంఘం పోవాలె.

మొదటి మనిషితో ఎట్లుంటమో పదో మనిషితోనూ అట్లనే ఉంటం. సంఘాల్లో ఈ సంగతి ఇప్పుడే మాట్లాడుకుందాం. మనోడు యజమాని అయితే డప్పు కొడదాం. మనోడే దొర అయితే ఆ డప్పుతోనే నిలదీద్దాం.

జై భీమ్.